గొట్టానికీ కళాయి కావాలి

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా, ఈ వారం కంప్యూటర్ల గొడవ జోలికి పోను. మన వంటింటి కుళాయికి నీళ్ళు తెచ్చే గొట్టం గురించి నాలుగు ముక్కలు చెప్పాలని ఉంది.

2024 నవంబరులో మా ఇంటికి నీటి శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "మీ ఇంటికి నీళ్ళు తెచ్చే గొట్టం ఏ లోహంతో చేసిందో మా రికార్డుల్లో లేదు. సీసం కూడా కావచ్చు" అని దాని సారాంశం. క్రెడిట్ కార్డుల వాళ్ళు పంపే కాగితాల కట్టలో దాన్నీ పడేశాను. అప్పటికి మా పాపకి నాలుగో నెల. మనవరాలిని చూసుకోవటానికి మా అమ్మ వచ్చి ఉంది. పాపకి పోతపాలు. డబ్బా పాలపొడి కలపటానికి అమ్మ రోజూ నీళ్ళు తెర్లించి, చల్లార్చి పెట్టేది.

ఒకరోజు ఆ ఉత్తరం అమ్మ చేతికి చిక్కింది. "ఇదేమిటిరా?" అంటే చదివి చెప్పాను. "సీసమైతే మాత్రం ఏం నాయనా, నేను మరిగించే కదా వాడుతున్నాను" అంది. నేనూ అదే అనుకున్నాను. అనుమానం తీరక ఆ రాత్రి కూర్చుని చదివితే గుండె జారిపోయింది. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ సీసం ఎక్కడికీ పోదు. పైగా నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో సీసం పాలు పెరుగుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకి చేటు చేసే లోహం అది. ఇంతవరకు ఫరవాలేదని చెప్పగలిగే మోతాదంటూ పిల్లల విషయంలో లేదు.

సీసం అసలు మన ఇళ్ళకి ఎలా వచ్చిందంటే, వీధి కింద పెద్ద గొట్టం ఉంటుంది. దాని నుంచి మన ఇంట్లోకి వచ్చే సన్న గొట్టాన్ని సర్వీస్ లైను అంటారు. సీసం మెత్తన, సులువుగా వంగుతుంది, చాలాకాలం మన్నుతుంది. అందుకని పాతకాలంలో దానితోనే వేశారు. చికాగోలో అయితే సీసం గొట్టమే వెయ్యాలని నిబంధనే ఉండేది. 1986లో దేశం మొత్తం మీద నిషేధం వచ్చేదాకా అది సాగింది. అందుకే ఒక్క ఆ ఊళ్ళోనే దాదాపు నాలుగు లక్షల సీసం లైన్లు ఉన్నాయని లెక్క. దేశంలో ఇంకే ఊరికీ అన్ని లేవు.

మరి ఇన్నేళ్ళూ అందరూ ఎలా తాగారు? ఇది మన అమ్మమ్మలకి తెలిసిన సంగతే. ఇత్తడి గిన్నెకి కళాయి ఉన్నన్నాళ్ళూ చారు కాచుకోవచ్చు. కళాయి పోతే చింతపండు పులుపుకి చిలుమెక్కుతుంది. నీటి శాఖ వాళ్ళు నీళ్ళలో ఫాస్ఫేట్ కలుపుతారు. అది గొట్టం లోపలి గోడకి పొరలా పట్టి, సీసం నీళ్ళలోకి దిగకుండా ఆపుతుంది. గొట్టానికి అదే కళాయి అన్నమాట. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని నది నీళ్ళకి మారారు. ఆ నీళ్ళకి లోహాన్ని తినే గుణం ఎక్కువ. మందు కలపటం మానేశారు. పొర ఊడిపోయి సీసం పిల్లల రక్తంలోకి చేరింది.

అందుకని ఎప్పటికైనా గొట్టం మార్చటమే అసలు మందు. కానీ ఏది సీసమో, ఏది రాగో ముందు తెలియాలి కదా! ఫ్లింట్‌లో రికార్డులు చేత్తో రాసిన పాత కార్డుల మీద ఉన్నాయి. విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంటి వయసు, పేట లాంటి వివరాలతో, ఎక్కడ సీసం ఉండవచ్చో అంచనా కట్టే ప్రోగ్రాం రాశారు. 2017లో దాని ప్రకారం తవ్వితే, పది ఇళ్ళలో ఏడింట మార్చవలసిన గొట్టం దొరికింది. 2018లో ఆ జాబితా పక్కన పెట్టి తవ్వితే, నూటికి పదిహేను ఇళ్ళలోనే దొరికింది. మిగతావన్నీ ఉత్త గోతులు! డేటా శుభ్రంగా లేకపోతే ఎంత నష్టమో మా వృత్తిలో వాళ్ళం రోజూ చెబుతూనే ఉంటాం. వీధిలో గోతులుగా చూడటం మాత్రం ఇదే మొదలు.

మనసు పెడితే పని అవుతుందనటానికి నెవార్క్ సాక్ష్యం. అక్కడ 2019లో పని ఊపందుకుంది. మూడేళ్ళ లోపే ఇరవై మూడు వేల పైచిలుకు లైన్లు మార్చేశారు. ఇంటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు. అద్దె ఇళ్ళలో యజమాని దొరకకపోయినా పని ఆగకుండా ఊళ్ళో చట్టం చేశారు. దేశమంతటికీ 2021 చట్టంలో ఈ పనికని 1500 కోట్ల డాలర్లు కేటాయించారు. 2024 అక్టోబరులో వచ్చిన నియమం, 2027 నుంచి పదేళ్ళలో దాదాపు అన్ని సీసం లైన్లూ తీసేయాలంటుంది.

మీరు ఈ వారాంతం చెయ్యవలసిన పని ఒకటుంది. బేస్‌మెంటులోకి దిగి, మీటరు కంటే ముందు గోడలోంచి వచ్చే గొట్టం చూడండి. తాళంచెవితో మెల్లగా గీకండి. వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే సీసం. పాత పైసా రంగులో ఉంటే రాగి. అయస్కాంతం పట్టుకుంటే ఇనుము. సీసమైతే నీటి శాఖకి ఫోన్ చెయ్యండి. తాగటానికీ, వంటకీ చన్నీళ్ళే పట్టండి. సీసం తీసేస్తుందని ధృవీకరణ ఉన్న ఫిల్టరు వాడండి. వాళ్ళు సగం గొట్టమే మారుస్తామంటే ఒప్పుకోకండి. కదిలించిన పాత ముక్క నుంచి కొన్నాళ్ళు సీసం ఇంకా ఎక్కువ దిగవచ్చు.

మా గొట్టం గీకితే తళతళ మెరిసింది. పాపకి రక్త పరీక్ష చేయించాం. ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు అమ్మ సరిగా అన్నం తినలేదు. "నా చేత్తోనే పట్టానురా" అని ఒకటే బాధ. దేవుడి దయ వల్ల ఏమీ లేదన్నారు. తప్పు అమ్మది కాదు, ఉత్తరం పక్కన పడేసిన నాది. మీ ఇంట్లో కాగితాల కట్టలో అలాంటి ఉత్తరం ఉందేమో, ఈ రాత్రికి ఒకసారి వెతకండి.