మూగజీవాల చదువు
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంతకు ముందు ఇంజనీర్లు మాట్లాడారు, డాక్టర్లు మాట్లాడారు. నేను ఆ రెండూ కాను. పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి పశువైద్యశాలలో పనిచేస్తున్నవాణ్ణి. రైతులు నన్నూ ‘డాక్టరు గారూ’ అనే పిలుస్తారు. కాదని చెప్పినా ఊరుకోరు. అందుకే నా చదువు ఏమిటో, అది ఎంతవరకో ఈ పది నిమిషాల్లో చెబుతాను.

పశువైద్యుడు కావాలంటే ఇంటర్ బైపీసీ తర్వాత ఐదున్నరేళ్లు బి.వి.ఎస్సీ. చదవాలి. మేము చదివింది పదో తరగతి తర్వాత రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పాలిటెక్నిక్‌లు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద, తెలంగాణలో పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నాయి.

అక్కడ మొదట నేర్పేది మందుల పేర్లు కాదు, చూడటం. గొడ్డు నెమరు వేస్తోందా, ముట్టె తడిగా ఉందా, పేడ ఎలా వేసింది, మంద నుంచి విడిగా నిలబడిందా? నోరులేని జీవి తన బాధను అలాగే చెబుతుంది. తర్వాత పట్టుకోవడం నేర్పుతారు. ఆడపిల్లలకు ఈ పని కుదరదని కొందరంటారు. గేదెతో బలపరీక్షలో ఏ మగవాడూ గెలవడు. కావలసింది బలం కాదు, ముకుతాడు ఎలా పట్టాలో, తాడు ఎక్కడ బిగించాలో తెలియడం.

ఆ తర్వాత చేతిపని. ఎద సూది అని మనవాళ్లు పిలిచే కృత్రిమ గర్భధారణనే చూడండి. వీర్యం నింపిన సన్నని గొట్టం మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటుంది. దాన్ని తీసి 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి వాడాలి. నీళ్లు సరిగా లేకపోయినా, ఆలస్యమైనా వీర్యకణాలు దెబ్బతింటాయి. ఆవు చూడి కట్టకపోతే మళ్లీ ఎదకు రావడానికి సుమారు 21 రోజులు పడుతుంది. రైతుకు అన్నాళ్ల మేత ఖర్చు దండగే.

అయితే ఈ చదువులో అన్నిటికన్నా విలువైన పాఠం మరొకటి ఉంది. ఎక్కడ ఆగాలో తెలియడం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, డిప్లొమావాళ్లు చిన్నపాటి వైద్య సేవలే చేయాలి. అవి కూడా రిజిస్టరైన పశువైద్యుని పర్యవేక్షణలో చేయాలి. కొందరికి ఇది చిన్నతనంగా తోస్తుంది. నాకు అలా అనిపించదు.

పాలజ్వరం సంగతి చూడండి. ఈనిన ఒకటి రెండు రోజుల్లో మంచి పాడిగేదె చతికిలపడిపోతుంది. పేరు జ్వరమే గానీ చెవులు చల్లబడతాయి. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. కాల్షియం నరానికి ఎక్కిస్తే లేచి నిలబడుతుంది. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ పని డాక్టరుది. ఆయన వచ్చేలోపు గేదెను ఒక పక్కకు ఒరగనీయకుండా, రొమ్ము మీద కూర్చునేలా గడ్డిమోపులు ఆనించి పెట్టాలి. గొట్టంతో నోట్లో ఏ కషాయమూ పోయనీయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ గంటసేపు ప్రాణం నిలిపేది మేమే.

ఆ గంటలోనే మా మీద ఒత్తిడీ ఎక్కువ. పాడిగేదె అంటే ఆ ఇంటికి పిల్లల ఫీజు, డ్వాక్రా సంఘం వాయిదా. ‘ఏదో ఒక సూది వెయ్యి నాయనా’ అని ఇల్లాలు కన్నీళ్లు పెట్టుకుంటుంది. అప్పుడు ‘వద్దమ్మా, డాక్టరు గారు వస్తున్నారు’ అనడానికి సూది వేయడం కన్నా ఎక్కువ చదువు కావాలి. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేశాక డాక్టరు చెప్పిన గడువు దాకా పాలు కేంద్రానికి పోయవద్దని చెప్పడానికీ అదే చదువు కావాలి. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దని, దొమ్మ రోగంతో చచ్చిందని అనుమానమున్న గొడ్డును కోయవద్దని ఊరి ముందు నిలబడి చెప్పడానికీ అంతే. అవి మనుషులకూ అంటుకునే జబ్బులు.

పశువుల పెద్ద రోగం, అంటే రిండర్‌పెస్ట్, భూమి మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో జబ్బు అదే. టీకా కనిపెట్టినవారు గొప్పవారు. మంచుపెట్టె మోసుకుంటూ ఊరూరా, దొడ్డి దొడ్డికీ దాన్ని చేర్చినవాళ్లలో మా వంటి సహాయకులు ఎందరో ఉన్నారు.

గురువులకూ మిత్రులకూ నా విన్నపం ఒకటే. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే మార్కులు తక్కువ వచ్చిన పిల్లలతో ‘పోనీ, పశువుల కోర్సులో చేరు’ అంటుంటాం. ఆ ‘పోనీ’ అనే మాట తీసేద్దాం. ఇంట్లో దూడ పుడితే రాత్రంతా మేలుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మార్కులు ఎన్ని వచ్చినా సరే, వాళ్లను పిలిచి ఈ చదువు గురించి చెప్పండి. సెలవు రోజున మా ఆసుపత్రికి పంపితే దగ్గరుండి చూపిస్తాను.