ఇంటికి వచ్చిన కుందేలు
(గుడిబండెలో తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలో కుందేలును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన పిల్లలు ఇంట చెవులపిల్లి యనియు, బడిలో మొల యనియు పిలుచు ఈ ప్రాణి నేడు మన మిద్దెల లోనికిని వచ్చినది. ముచ్చటపడి కొని, పిమ్మట పెంచలేనివారి యొద్దనుండి దీనిని దత్తు తెచ్చుకొనువారు కలరు. మేమును అట్లే ఒకదానిని తెచ్చుకొంటిమి. కావున ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలయును. మన పొదలలోని అడవి కుందేలు మెడవెనుక నల్లని మచ్చ గలది; దాని పిల్లలు బొచ్చుతో, కన్నులు తెరచియే పుట్టును. పెంపుడు కుందేలు వేరు జాతి. దాని పుట్టిల్లు స్పెయిను, పోర్చుగలు ప్రాంతము. దాని పిల్లలు బొచ్చులేక, కన్నులు మూసికొని పుట్టును. అడవి కుందేటిని పట్టి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. పెంపుడుదానిని విసుగుపుట్టి గుట్టలో వదలుటయు ధర్మము కాదు. అది కుక్కల పాలగును, లేదా ఆకలితో చచ్చును. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నిషేధించినది.

ఇక ఇల్లు. కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. కావున కొరుకుట దానికి చెడుబుద్ధి కాదు, అవసరము. విద్యుత్తు తీగలను, ఫోను చార్జరు తీగలను ఎత్తున కట్టవలయును, లేదా గట్టి గొట్టములో దూర్చవలయును. బీరువా వెనుక సందులను పలకతో మూయవలయును. వసారా కమ్ములకు వల కట్టవలయును. నున్నని బండల నేలపై కాళ్లు జారును. గోనెపట్టలు పరచినచో చాలును. గన్నేరు, ఉమ్మెత్త వంటి విషపు మొక్కలు దానికి అందరాదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనుట సామెతలో చెల్లును. ఇంటికి తెచ్చినదానికి నాలుగు కాళ్లును కలవు. వానికి పరుగెత్తుటకు చోటు కావలయును. దినమంతయు పంజరమున నుంచుట తగదు.

ఆహారమున ముఖ్యమైనది ఎండుగడ్డి. అది ఎల్లప్పుడు అందుబాటున నుండవలయును. గరికయు, మందు చల్లని మల్బరీ ఆకును మంచివి. పట్టుపురుగుల మేతకై ఆ ఆకును పెంచు మన సీమలో దానికి కొదువ లేదు. అన్నము, రొట్టె, మిఠాయి పెట్టరాదు. కుందేలు వాంతి చేసికొనలేదు. సగము దినము మేత ముట్టనిచో పశువైద్యుని యొద్దకు వెంటనే కొనిపోవలయును. రాత్రి తన మెత్తని పెంటను తానే తినుట దానికి సహజము, అసహ్యించుకొనరాదు.

30 డిగ్రీలు దాటిన వేడిమి దానికి ప్రాణాంతకము కావచ్చును. మన వేసవిలో రేకుల కప్పు క్రింద నుంచక, చల్లని బండనేలయు, నీటి గిన్నెయు ఏర్పరుపవలయును.

చెవులు పట్టి ఎత్తుట క్రూరము. వెనుక కాళ్లకు ఆధారమీయనిచో అది తన్నుకొని వెన్నెముక విరుగవచ్చును. తెచ్చిన తొలి దినములలో దానిని ఒక మూల నిశ్శబ్దముగా నుండనిచ్చి, తానుగా దరికి వచ్చువరకు ఓపిక పట్టుడని పిల్లలకు చెప్పవలయును. ఆడు, మగ రెంటిని కలిపి యుంచినచో 31 దినములకే పిల్లలు కలుగవచ్చును. ముందే వైద్యుని సలహా పొందవలయును.

ఇది 8 నుండి 12 సంవత్సరములు జీవించు ప్రాణి. నేడు అడుగు పిల్లవాడు పదవ తరగతి దాటువరకును మన ఇంట నుండును. ఒకచోట విడువబడినదానికి మరియొకసారి విడువబడు గతి రాకూడదు. ఆ భారము వహింపగలమని ఇంటిల్లిపాదియు తలచిన పిమ్మటనే దానిని గడప దాటించుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.