మారుతున్న వాతావరణము – మన యువజనుల చదువు, ఉపాధి

(శతాబ్ది ఉత్సవాల సందర్భంగా జరిగిన యువజన సదస్సు ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ముగింపు మాటలు నాలుగు చెప్పమని నన్ను పిలిచినారు. ముప్పై ఆరు సంవత్సరాలు జిల్లా పరిషత్ పాఠశాలల్లో సైన్సు చెప్పినవాడిని. గంట కొట్టేదాకా ఆపకుండా మాట్లాడే అలవాటు రిటైరైన తరువాత కూడా పోలేదు. ఇక్కడ గంట కొట్టేవారు లేరు గనుక మీరే జాగ్రత్తపడాలి.

నిన్న, ఈరోజు మీరు మూడు గుంపులుగా కూర్చొని వాతావరణాన్ని గురించి, సొంతంగా పని పెట్టుకోవడాన్ని గురించి, చదువును గురించి చర్చించినారు. నేను మూడు గుంపుల్లోనూ వెనుక కూర్చొని విన్నాను. గుంపులు మూడైనా మాట ఒకదానిలోనుండి ఇంకొకదానిలోకి జారిపోతూనే ఉన్నది. అందుకు నిర్వాహకులు కొంచెం కంగారుపడ్డారు గాని నాకు సంతోషమే కలిగింది. మన డెల్టాలో ఈ మూడు సంగతులూ ఒకే గట్టు మీద నడుస్తాయి.

మొదటి గుంపులో ఒక యువకుడు గట్టిగా వాదించినాడు. బొగ్గు, చమురు కాల్చి గాలిని పాడుచేసినది పెద్ద దేశాలు, దానికి మనమెందుకు శిక్ష అనుభవించాలి అన్నాడు. లెక్క ప్రకారం అతని మాట నిజమే. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండిన బొగ్గుపులుసు వాయువు ఈనాడు 420 దాటింది. అమెరికాలో ఒక్కొక్క మనిషి పేరున ఏటా సుమారు 14 టన్నులు గాలిలో కలుస్తుంటే మనదేశంలో అది సుమారు 2 టన్నులు. నష్టపోయిన బీద దేశాలకు సహాయంగా ఒక నిధి ఉండాలని 2022లో ఈజిప్టులో జరిగిన సభలో ఒప్పుకున్నారంటే, ఆ లెక్కను వాళ్లూ కాదనలేకపోయినారన్నమాట. కాబట్టి ఆ వాదన వదలవద్దు. అయితే సముద్రం మాత్రం ఎవరి లెక్క ఎంత అని అడిగి రాదు. కాకినాడ దగ్గర ఉప్పాడ వెళ్లి చూచినవారికి తెలుసు, అక్కడ ఇళ్లు, రోడ్డు ఏ విధంగా కోసుకుపోయినవో.

1977 నవంబరు 19వ తేదీ నాటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. దివిసీమను ముంచిన ఆ ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయినారు. రేడియోలో తుపాను కబురు వచ్చింది. గాలివాన అనుకున్నాము గాని సముద్రమే లేచి ఊళ్ల మీదికి వస్తుందని మాలో ఎవరమూ తలచలేదు. కబురు అందడం వేరు, దాని అర్థం తెలియడం వేరు. ఈ రెండింటి మధ్యనున్న దూరమే చదువు అని నేను అప్పుడు తెలుసుకున్నాను.

ఇదే బంగాళాఖాతం ఒడ్డున ఉన్న బంగ్లాదేశ్ సంగతి చూడండి. 1970లో అక్కడ ఒక్క తుపానులో కనీసం మూడు లక్షలమంది చనిపోయినారు. 1991లో మళ్లీ లక్షకు పైగా పోయినారు. 2020లో అంఫాన్ తుపాను వచ్చినప్పుడు ఇరవై లక్షలమందికి పైగా జనాన్ని ముందే ఆశ్రయాలకు తరలించినారు. మరణాలు వంద లోపే. ఆ ఆశ్రయాల్లో చాలాభాగం ఎత్తైన స్తంభాల మీద కట్టిన బడి భవనాలే. మామూలు రోజుల్లో పిల్లలకు పాఠాలు, తుపాను రోజున ఊరంతటికీ గూడు. ఊరి యువజనులే వలంటీర్లుగా ఇంటింటికీ తిరిగి పిలుచుకొని వస్తారు.

ఆ దేశంలోనే నాటోర్ జిల్లాలో చలన్ బీల్ అనే పెద్ద నీటిపల్లం ఉన్నది. వానాకాలంలో బడికి దారి ఉండదు. మహమ్మద్ రెజ్వాన్ అనే యువ ఆర్కిటెక్టు, పిల్లలు బడికి రాలేకపోతే బడినే పిల్లల దగ్గరకు పంపుదామని 2002లో పడవ మీద తరగతి గది పెట్టినాడు. ఆ పడవ రేవు రేవుకూ వెళ్లి పిల్లలను ఎక్కించుకొని ఒకచోట ఆగుతుంది, పాఠం జరుగుతుంది, తిరిగి దించి వస్తుంది. దీపాలకు, కంప్యూటరుకు పైకప్పు మీద సోలార్ పలకలు. అతడు కొత్తగా కనిపెట్టిన వస్తువు ఒక్కటీ లేదు. పడవ వాళ్ల తాతలనాటిదే, పలకలు బజారులో దొరికేవే. మన ఉపాధి గుంపులో కొందరు పెట్టుబడి లేదు, పెద్ద ఆలోచన లేదు అని దిగులుపడినారు గనుక ఈ మాట చెప్పుచున్నాను.

చదువు గుంపులో ఒక అమ్మాయి అన్న మాటకు నేను నవ్వి, తరువాత సిగ్గుపడినాను. "పర్యావరణం పాఠం మాకూ ఉంది మాస్టారూ, నాలుగు మార్కులకు వస్తుంది, వదిలేసినా పాసవుతాం" అన్నది. పర్యావరణ విద్య అన్ని తరగతుల్లో తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. పాఠం వచ్చింది. నేనే ఎన్నో ఏళ్లు చెప్పినాను, ఎక్కువగా మార్చి నెలలో, ఒంటిపూట బడులు మొదలైనాక, మిగిలిన పాఠాలన్నీ అయిపోయిన తరువాత.

అయితే చదువుకు ఎంత శక్తి ఉన్నదో చూపే ఒక సంగతి మన వరిచేలలోనే ఉన్నది. స్వర్ణ రకం పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టింది. మన ఇళ్లల్లో దాని అన్నం తినని వారు లేరు. అయితే పైరు మీద వారం రోజులు నీళ్లు నిలిస్తే కుళ్లిపోయేది. ఒడిశాలోని ఒక పాతకాలపు నాటు వరిలో మునిగినా చావని గుణం ఉన్నదని శాస్త్రజ్ఞులు పట్టుకొని, ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1 పేరుతో రైతులకు ఇచ్చినారు. అది దాదాపు రెండు వారాలు మునిగినా మళ్లీ తేరుకుంటుంది. ఎవరో ఒక రైతు తాత ఆ నాటు విత్తనాన్ని ఏటేటా దాచకపోతే ఆ శాస్త్రజ్ఞులకు పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. వ్యవసాయం చదవడం తక్కువ అనుకునే తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే ఈ సంగతి వినాలని నా మనవి.

ఇక ఉపాధి విషయం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉన్నది.

నిన్న మధ్యాహ్నం ఆ గుంపులో రొయ్యల చెరువుల మాట వచ్చింది. ఒకరు, ఊరిని బాగుచేసిన వ్యాపారం అదే అన్నారు. మరొకరు, ఊరి మంచినీటిని పాడుచేసినది అదే అన్నారు. గొంతులు పెరిగినవి. ఉప్పునేలను గురించి ఒక తమ్ముడు చీటీ మీద, సముద్రమట్టం పెరగడం వల్ల మన పొలాలు ఉప్పుబారినవి అని వ్రాసినాడు. అప్పుడు ఒక అమ్మాయి నావైపు తిరిగి, "మాస్టారూ, మీకు సైన్సు తెలుసు కదా, చెరువులు తవ్వేటప్పుడు మీరు ఏం చేశారు?" అని అడిగింది. నేను నిన్న జవాబు చెప్పలేదు. టీ వేళ అయిందని లేచి వెళ్లినాను.

ఈరోజు చెప్పుచున్నాను. 1992లో నా రెండెకరాలు నేనే రొయ్యల చెరువుకు లీజుకు ఇచ్చినాను. వరిలో ఏడాదికి మిగిలేదానికి ఎన్నో రెట్లు ముందుగా చేతిలో పెట్టినారు. మా పెద్దవాడిని గుంటూరులో ఇంటర్ చదివించిన ఫీజు ఆ డబ్బే. నా చెరువు పక్కన అరెకరం నారుమడి ఉన్న మనిషి ఒకాయన ఉండేవారు. ఆదివారం మా బల్ల వెనుక బల్ల మీద కూర్చునేవారు. రెండవ ఏట ఆయన వచ్చి, "మాస్టారూ, మీ చెరువు ఊట నా మడిలోకి దిగుతోంది, నారు ఎర్రబడిపోతోంది" అన్నారు. ఉప్పునీరు గట్టు కిందనుండి పక్క పొలానికి ఊరుతుందని నాకు తెలియనిది కాదు. తరగతిలో నేను చెప్పే పాఠమే అది. నేను ఆయనతో, "నీవు కూడా లీజుకు ఇచ్చేయవయ్యా" అన్నాను. అరెకరం ఎవరు తీసుకుంటారు? ఆయన మారుమాట లేకుండా వెళ్లిపోయినారు.

1995 ప్రాంతంలో కోస్తా అంతటా తెల్లమచ్చల తెగులు వచ్చి టైగర్ రొయ్య పోయింది. లీజుదారు ఏరేటర్లు, మోటారు ఊడదీసుకొని వెళ్లిపోయినాడు. నాకు ఉప్పు మిగిలింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతంలో ఆ చెరువులు తొలగించాలని తీర్పు ఇచ్చింది. తరువాత 2005లో పార్లమెంటు చట్టం చేసి, తీరప్రాంత చెరువులకు రిజిస్ట్రేషన్, నిబంధనలు పెట్టింది. 2009 తరువాత వెనామీ రొయ్య వచ్చింది, మళ్లీ డబ్బు వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు యాభై శాతానికి పెంచినప్పుడు మళ్లీ గట్ల మీద కూర్చొని తల పట్టుకున్నవారిని మీరే చూచినారు. నా పొరుగాయన మాత్రం అంతకు చాలా ముందే అరెకరం అమ్ముకొని హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోయినారు. ఆయన పిల్లలు ఎంతవరకు చదివినారో నేను అడిగి తెలుసుకోలేదు.

అందువల్ల ఆ చీటీ వ్రాసిన తమ్మునికి చెప్పుచున్నాను. సముద్రం పెరుగుతున్న మాట నిజం, కాలువ చివరి భూములకు మంచినీరు తగ్గిన మాట నిజం, రేపు ఉప్పు ఇంకా లోపలికి వస్తుందన్నదీ నిజం. కాని నా రెండెకరాల్లోని ఉప్పు సముద్రం తెచ్చినది కాదు, నేను పెట్టించినది. వాతావరణ మార్పు అనే మాట చాటున మన చేతిపనులను దాచుకోకూడదు.

రొయ్యల పెంపకం పాపమని నేను అనడం లేదు. దాని మీద బ్రతికే కుటుంబాలు ఈ సభలోనే ఉన్నవి, వాళ్ల కానుకలతోనే ఈ పందిరి కూడా లేచింది. ఏ వ్యాపారమైనా మొదలుపెట్టేముందు, దీని ఊట ఎవరి మడిలోకి దిగుతుంది అని అడిగారా లేదా అన్నదే నా ప్రశ్న. లాభం లెక్క వేసే పుస్తకంలోనే ఆ లెక్కకూ ఒక కాగితం ఉండాలి. చెరువుల కోసం మడ అడవులు కొట్టినచోట ఆ కాగితం ఎవరూ వ్రాయలేదు. 1999 ఒడిశా మహా తుపానులో కేంద్రపడ జిల్లాలో మడ అడవి మిగిలిన ఊళ్లలో చావులు తక్కువగా ఉన్నవని పరిశోధకులు తరువాత లెక్క తేల్చినారు. కృష్ణా, గోదావరి ముఖాల్లో స్వామినాథన్ ఫౌండేషన్ వారు ఊరివాళ్లతో కలిసి కాలువలు తీసి, పోటునీరు లోపలికి పారేటట్లు చేసి మడ మొక్కలు మళ్లీ నాటించినారు. ఒకసారి కొట్టినది తిరిగి రావడానికి ఎంత కూలి పడిందో ఆ పనికి పోయినవారిని అడగండి.

మీలో ఇద్దరు ఐటిఐ చదివిన పిల్లలు సోలార్ పలకల బిగింపు, మరమ్మత్తు పని పెట్టుకుంటామన్నారు. ఈ సదస్సులో నాకు బాగా నచ్చిన ఆలోచన అదే. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో ఇంటిమీది పలకలకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉన్నది. పలకలు బిగించేవారు పట్నం నుండి వస్తారు, పాడైతే తిరిగి రారు. ఊళ్లో మరమ్మత్తు చేసే మనిషి ఉంటే ఆ కొరత తీరుతుంది. ముద్రా రుణాల హద్దును 2024లో ఇరవై లక్షలకు పెంచినారు గాని, మీకు అంత అవసరం లేదు, అంత తీసుకోవద్దు. తమిళనాడు తిరువణ్ణామలైలో వినీషా ఉమాశంకర్ అనే బాలిక బొగ్గుతో నడిచే ఇస్త్రీ బండికి బదులు సూర్యరశ్మితో నడిచే బండిని తయారుచేసి 2021లో గ్లాస్గో సభలో మాట్లాడింది. ఆమె వయస్సు అప్పటికి పదిహేను లోపే అని కొందరు, పదిహేను అని కొందరు అంటారు. ఏదైనా నా మనుమరాలి వయస్సే. ఇస్త్రీ చేసే మనిషి ఊపిరితిత్తులను చూచి ఆ ఆలోచన మొదలైందన్నది నాకు ముఖ్యం. వీధిలో కనిపించే మనిషి దగ్గర మొదలైంది.

ఇక పెద్దలకు ఒక్క మాట. ఈ పిల్లలు రెండు రోజుల చర్చ తరువాత తీర్మానాలు పద్నాలుగు వ్రాసినారు. నేను పదమూడింటిని పక్కన పెట్టమని బ్రతిమాలినాను. మిగిలినది ఇది: ప్రతి పాస్టరేటులోనూ ప్రతి నెల మొదటి శనివారం బావుల, బోర్ల, మంచినీటి చెరువుల ఉప్పుశాతం కొలిచి ఒకే పుస్తకంలో వ్రాయడం. కొలిచే చిన్న పరికరం ఖరీదు పెద్దది కాదు. మూడేళ్లు వ్రాస్తే, ఏ బావిలో ఉప్పు ఎటునుండి వచ్చిందో ఊహ కాక లెక్క ఉంటుంది. ఆ పుస్తకం ఎవరికి ఇబ్బంది కలిగించినా, నాకైనా సరే, దాన్ని ఆపించవద్దని పెద్దలను కోరుచున్నాను.

నా రెండెకరాలు ఇప్పటికీ అట్లాగే ఉన్నవి. ఒకమూల కొంచెం ఉప్పుగడ్డి, మధ్యలో వానకు నిండి ఎండకు తెల్లబడే పల్లెం. ఆ భూమిని ఉప్పుకు ఓర్చుకునే వరి రకాలు వేసి చూడటానికి, గట్టు మీద సోలార్ పని నేర్చుకునే షెడ్డు వేసుకోవడానికి యువజన సమాజానికి పదేళ్లకు వదులుచున్నానని మా ఇంట్లో నిన్న రాత్రి చెప్పినాను. లీజు డబ్బు వద్దు. మా పెద్దవాడు ఫోనులో మొదట కొంచెంసేపు మాట్లాడలేదు, తరువాత సరే అన్నాడు. ఆ అరెకరం వారి కొత్త చిరునామా కోసం సంఘ గుమాస్తాగారు పాత రిజిస్టర్లు వెతుకుతున్నారు. వచ్చే శనివారం ముగ్గురు పిల్లలు మట్టి నమూనా తీసుకోవడానికి వస్తామన్నారు. ఉదయం ఏడు గంటలకే రండి, తరువాత ఎండ. పంపు షెడ్డు తాళంచెవి నా దగ్గరే ఉన్నది.