డ్రెయిన్ ఆగితే ఫోర్స్ కొట్టకండి

కుబర్నెటీస్ క్లస్టర్లు చూసుకునేవాళ్ళకీ, డెవాప్స్‌లో కొత్తగా చేరినవాళ్ళకీ ఇవాళ్టి మాటలు. క్లస్టర్‌లోంచి ఒక నోడ్ తీసేయాలనుకోండి. మెషీన్ పాతబడి ఉండొచ్చు, ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్పి ఉండొచ్చు. చాలామంది నేరుగా డిలీట్ నోడ్ కొట్టేస్తారు. ఆ కమాండ్ ఏపీఐ సర్వర్‌లో నోడ్ పేరు చెరిపేస్తుందంతే. మెషీన్ ఆగదు, అందులో క్యూబ్‌లెట్ నడుస్తూనే ఉంటుంది. ఎవరైనా దాన్ని రీస్టార్ట్ చేశారా, నోడ్ మళ్ళీ తనంతట తానే నమోదు చేసుకుని లిస్టులోకి వచ్చేస్తుంది. కాబట్టి డిలీట్ ఎప్పుడూ ఆఖర్నే.

మొదలు కార్డన్‌తో. డిపోకి పోయే బస్సు కొత్తవాళ్ళని ఎక్కించుకోదు, ఎక్కినవాళ్ళని నడిదారిలో దించెయ్యదు. ఇదీ అంతే: షెడ్యూలర్ కొత్త పాడ్‌లు పంపదు, ఉన్నవి నడుస్తుంటాయి. మూడు నాలుగు నోడ్‌లు తీసే పని ఉంటే అన్నిటినీ ముందే కార్డన్ చేసుకోండి. లేదంటే మొదటిదాన్నుంచి దిగిన పాడ్‌లు రెండోదాని మీదకి చేరతాయి, కాసేపటికి దాన్నీ ఖాళీ చేయాలి. మిగతా నోడ్‌లలో చోటుందో లేదో కూడా చూడండి. సీపీయూ వాడకం తక్కువగా ఉందని మురిసిపోకండి, షెడ్యూలర్ లెక్క వేసేది పాడ్‌లు అడిగిన రిక్వెస్టుల మీద. డిస్క్రైబ్ నోడ్ కొడితే చివర్లో ఆ లెక్క కనిపిస్తుంది.

అసలు పని డ్రెయిన్‌ది. అది ఒక్కో పాడ్‌నీ మర్యాదగా వెళ్ళమంటుంది, దీన్నే ఎవిక్షన్ అంటారు. సర్దుకోవడానికి మామూలుగా 30 సెకన్ల గడువు ఉంటుంది. కానీ తొలిసారే సాఫీగా సాగిపోవడం అరుదు. డీమన్‌సెట్ పాడ్‌లున్నాయని ఆగుతుంది. వాటిని వదిలేయమని చెప్పొచ్చు, భయం లేదు. ఎంప్టీడిర్ వాడే పాడ్ ఉందని ఆగితే మాత్రం ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ పాడ్ పోతే అందులోని డేటా కూడా పోతుంది. క్యాష్ అయితే పోనివ్వండి. ఇంకా ఎక్కడికీ పంపని ఫైళ్ళయితే? ఏ కంట్రోలరూ లేని ఒంటరి పాడ్ ఉన్నా ఆగుతుంది. అక్కడ ఫోర్స్ ఇస్తే ఆ పాడ్‌ని మళ్ళీ పుట్టించేవాళ్ళే ఉండరు.

అన్నిటికన్నా ఎక్కువమందిని విసిగించేది డిస్రప్షన్ బడ్జెట్. రెప్లికా ఒక్కటే, బడ్జెట్‌లోనేమో కనీసం ఒక్కటి నడుస్తుండాలని రాసి ఉంటుంది. ఇక డ్రెయిన్ 5 సెకన్లకోసారి అడుగుతూనే ఉంటుంది, కాదనిపించుకుంటూనే ఉంటుంది. టైమౌట్ ఇవ్వకపోతే రాత్రంతా అదే తంతు. ఇక్కడ ఎవిక్షన్‌ని పక్కనపెట్టి పాడ్‌ని నేరుగా చంపే దారి కూడా ఉంది, దాని జోలికి పోకండి. రెప్లికాలు రెండు చేయండి, రెండోది రెడీ అయ్యేదాకా ఆగండి. డ్రెయిన్ దానంతటదే కదులుతుంది. లోకల్ డిస్క్ మీద కూర్చున్న డేటాబేస్ సంగతి వేరు. దాని వాల్యూమ్ ఆ నోడ్‌కే కట్టేసి ఉంటుంది కాబట్టి, పాడ్ దిగితే ఇంకెక్కడా ఎక్కలేక పెండింగ్‌లో పడుంటుంది. డేటాని ముందే వేరేచోటికి చేర్చుకోవాలి.

తీసేది కంట్రోల్ ప్లేన్ నోడ్ అయితే, క్లస్టర్ సమాచారం దాచుకునే ఈటీసీడీ లెక్క తప్పకూడదు. 3 సభ్యుల్లో కనీసం 2 బతికుండాలి. ఒకటి చచ్చిపోయిందని కంగారుగా కొత్తది చేర్చారనుకోండి, సభ్యులు 4 అవుతారు, మెజారిటీ 3 అవుతుంది. కొత్తది సరిగ్గా లేవలేదా, క్లస్టర్ రాతలు ఆగిపోతాయి. చచ్చినదాన్ని ముందు తీసేసి, ఆ తర్వాతే కొత్తది చేర్చండి.

నోడ్ ఖాళీ అయ్యాక ఆ మెషీన్ మీద క్యూబ్ఏడీఎమ్ రీసెట్, ఆ తర్వాత డిలీట్. రీసెట్ ఐపీటేబుల్స్ రూల్స్‌ని శుభ్రం చేయదు, అది మీ పనే. క్లౌడ్‌లో నోడ్ గ్రూపు ఉంటే దాని సంఖ్య కూడా తగ్గించాలి, లేకపోతే తీసేసిన మెషీన్ స్థానంలో ఇంకోటి లేస్తుంది. ఉత్త సంఖ్య తగ్గిస్తే అది మీరు ఖాళీ చేసిన మెషీన్నే తీస్తుందన్న హామీ కూడా లేదు. ఏ మెషీన్ పోవాలో పేరు పెట్టి చెప్పండి.

మీ టీము రన్‌బుక్ ఒకసారి తెరవండి. డ్రెయిన్ లైన్లో ఫోర్స్ ముందే అతికించి ఉంటే ఈరోజే తీసేయండి.