జూదశాల నుంచి శాసనసభకు



మకావ్ చిన్న నగరం. 1999 డిసెంబర్ 20న పోర్చుగల్ పాలన పోయి చైనా కిందికి వచ్చింది. అక్కడి సర్కారు ఖజానాకు పెద్ద ఆధారం జూదం పన్నే.

ఫుజియాన్ రాష్ట్రం నుంచి ఆ గడ్డకు వలసొచ్చినోడు చాన్ మెంగ్ కామ్. గోల్డెన్ డ్రాగన్ హోటల్, కాసినోల యజమాని అయిండు. తనలెక్కనే వలసొచ్చిన ఫుజియాన్ జనాన్ని సంఘంగా కూడగట్టిండు. ఆ బలంతోనే 2005లో శాసనసభకు గెలిచిండు. 2013లో ఆయన జాబితాకు ఏకంగా 3 సీట్లు దక్కినయి. 2017లో పోటీకి దిగలేదు.

ఇక లెక్క చూడండి. 2013 నుంచి ఆ సభల 33 మంది. జనం నేరుగా ఎన్నుకునేది 14 మందినే. 12 మందిని సంఘాలు పంపుతయి, ఏడుగురిని పాలకుడే నియమిస్తడు. జనం చేతిలున్న ఆ 14లో 3 కాసినో యజమాని జాబితాకే పోతే, అదే కాసినోల రాత్రిపూట డ్యూటీ చేసే కార్మికుని గోడు ఎవరు చెప్పాలె?

వలసొచ్చినోళ్లు మనోడని ఓటేసుడు తప్పు కాదు. కష్టకాలంల ఆదుకున్న సంఘాన్ని ఎట్ల మరుస్తరు? కానీ జీతాల ముచ్చట, పన్నుల ముచ్చట సభకు వచ్చిననాడు యజమాని, ప్రతినిధి ఒక్కడే అయితే ఎవరి దిక్కు నిలబడతడు? మనోడేనా అని అడిగినంక, ఈ ప్రశ్న కూడా అడగాలె. ఓటు వేయకముందే అడగాలె.