పెట్టెలోని డిస్కులు, కెమెరా బ్యాటరీలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ఆ నీళ్లలో మనవాళ్ల ఇంట్లో ఒకచోట ట్రంకుపెట్టె అడుగునున్న నికా డిస్కులు బురదపాలయ్యాయి. గతించిన నాన్నగారి గొంతు వాటిలోనే మిగిలి ఉండేది. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పదలచాము.

డిస్కును అంచులతోనే పట్టుకోవాలి. మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా రుద్దరాదు. రికార్డు చేసే డిస్కులో ఉండే రంగు పొర ఎండకూ వేడికీ చెడిపోతుంది. మన ఎండలు మీకు తెలియనివి కావు! కనుక రేకుల కింద అటక మీద వద్దు. డబ్బాలో నిలువుగా పెట్టి ఎత్తైన అలమరలో ఉంచండి. ఒక కాపీ తీయించి ఖమ్మంలోని చుట్టాలింట్లో దాచండి.

ఇక బ్యాటరీ సంగతి. చాలాకాలం వాడకపోతే కెమెరాలోంచి తీసి, సగం ఛార్జీతో, చల్లని పొడిచోట పెట్టాలి. తాళంచెవులు, చిల్లర ఉన్న సంచిలో వేస్తే కొసలు కలిసి నిప్పు పుట్టవచ్చు. ఉబ్బినదానికి ఛార్జింగు పెట్టవద్దు, పొడవవద్దు. హజ్, ఉమ్రాకు వెళ్లేవారు విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకోవాలి. లగేజీలో వేయనివ్వరు.

సొమ్ము పోతే మళ్లీ సంపాదిస్తాం, పోయిన పెద్దల గొంతు మళ్లీ తేలేం. ఈ వారమే అందరమూ పెట్టెలు తెరిచి చూద్దాం. సెలవు. ఖుదా హాఫిజ్.