మాస్టారి కాలు రెండోసారి ఎందుకు అలిసింది?
(పెదపాడులో చేసిన స్మారకోపన్యాసం)



ఎడమచేత్తో ఎడమ తొడను నొక్కి పట్టుకుని అడుగు వేసే మాస్టారి నడక మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్వరానికి సూది వేయించాను, తెల్లారేసరికి కాలు పడిపోయింది" అని వాళ్లమ్మగారు పోయేదాకా కుమిలిపోయారు. కొల్లేటి పల్లెల్లో ఈ మాట చాలా ఇళ్లలో విన్నాను. ఆ తల్లుల మాట సగం నిజమే. ఆ జ్వరం పోలియోది. పోలియో సోకిన రెండువందల మందిలో దాదాపు ఒక్కరికే అవయవం పడిపోతుంది. అయితే వైరస్ ఒంట్లో ఉన్న సమయంలో కండకు సూది పడితే ఆ ముప్పు పెరుగుతుందని 1950లోనే బ్రిటన్‌లో గమనించారు. గాయపడ్డ కండ నుంచి వైరస్ నరం వెంట వెన్నుపాములోకి చేరుతుందని 1998లో ఎలుకల మీద ప్రయోగాలు చూపించాయి. సూది పోలియోను తేలేదు, దారి చూపింది. వేయించిన తల్లిది మాత్రం తప్పు కాదు.

ఇక రెండో కథ. యాభై దాటాక మాస్టారు సైకిల్ మానేశారు. మంచి కాలు కూడా పీకడం మొదలైంది, చలికాలం వస్తే భయం. "వయసండీ" అన్నారు అందరూ. "ఇంకా గట్టిగా వ్యాయామం చెయ్యండి" అన్నారు కొందరు. నేనూ అన్నాను, తెలియక.

ఈ బాధ కొత్తది కాదు. 1875లో ఫ్రాన్స్‌లో రేమాఁ అనే వైద్యుడు తోళ్లపని చేసే పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి చూశాడు. పసితనంలో పోలియో వచ్చి తగ్గినవాడికి మళ్లీ నీరసం. అతిగా వాడిన కండే అలిసిందని నరాల వైద్యుడు షార్కో అనుమానించాడు. ఆ తర్వాత వందేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1980ల్లో అమెరికాలో పాత రోగులు ఇదే బాధతో మళ్లీ వైద్యుల దగ్గరికి వచ్చాక 'పోస్ట్ పోలియో సిండ్రోమ్' అన్న పేరు స్థిరపడింది.

సంగతి ఇది. చచ్చిపోయిన నరకణాల కింద ఉన్న కండపోగులను బతికిన కణాలు దత్తు తీసుకుంటాయి. పక్కవాళ్ల చేలన్నీ ఒక్కడే కౌలుకు తీసుకుని దున్నినట్టు. పంట పండుతుంది, పిల్లాడు నడుస్తాడు. కొన్ని దశాబ్దాలకు ఆ కౌలురైతు నడుము వంగుతుంది. 1986లో డలాకస్ అనే వైద్యుడి బృందం 27 మందిని ఏళ్ల తరబడి పరీక్షించి, బలం ఏటా సుమారు ఒక శాతం తగ్గుతోందని తేల్చింది. పిరిడోస్టిగ్మిన్ మందు మీద ఆశ పెట్టుకున్నారు, పరీక్షలో నిలవలేదు. ఇప్పటికి చేతిలో ఉన్న వైద్యమల్లా పని మధ్య విశ్రాంతి, అలుపు రానంత వ్యాయామం, తేలికైన కాలిపర్, ఒంటికి వెచ్చదనం.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న పోలియోరహిత ధ్రువపత్రం వచ్చింది. గర్వించాల్సిందే. విశాఖలో పోలియో కాళ్లను శస్త్రచికిత్సతో నిలబెట్టిన డాక్టర్ సుంకర ఆదినారాయణరావు గారికి 2022లో పద్మశ్రీ దక్కింది. కానీ అలా నిలబడ్డవాళ్లలో చాలామంది ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. కుర్ర డాక్టర్లలో కొత్త పోలియో రోగిని చూసినవాళ్లు అరుదు. వికలాంగ ధ్రువపత్రంలో ఎప్పుడో రాసిచ్చిన వైకల్య శాతం నేటి కాలికి సరిపోదు.

చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లకు ఒక్క మనవి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి. పోలియో వచ్చిన ఒంటికి మత్తుమందులు కొన్ని మామూలు కంటే ఎక్కువగా పనిచేయవచ్చు, ఊపిరికి ఇబ్బంది కావచ్చు. డాక్టరు అడిగేదాకా ఆగకండి.